ఈసారి బెంచీ నిండింది

2025 ఆగస్టు 31, ఆదివారం రాత్రి తొమ్మిదికి మ్యాచ్. అదే టైముకి మా కాశీబుగ్గ వీధిలో వినాయకుడి ఊరేగింపు. ఐదో రోజు కదా, వీధికో బొమ్మ కదులుతుంది. ట్రాక్టర్ మీద డీజే బాక్సులు, ఆ దెబ్బకి కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి, ఇంట్లో అందరూ హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, నేను మాత్రం హాల్లో ఓ మూల చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని ఫోన్‌లో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో లివర్‌పూల్‌తో మా ఆర్సెనల్ ఆడుతున్న మ్యాచ్ చూస్తున్నాను. పదీ నలభై దాటాక బొమ్మ మా గుమ్మం ముందుకి వచ్చింది. అమ్మ పిలుస్తోంది. సరిగ్గా అప్పుడే, 83వ నిమిషంలో, లివర్‌పూల్ ఆటగాడు సోబోస్లాయ్ ఎక్కడో ముప్పై గజాల పైనుంచి ఫ్రీకిక్ కొట్టాడు. మా గోల్‌కీపర్ రాయా ఎగిరాడు, అందలేదు. బయట అందరూ ఒక్కసారిగా "గణపతి బప్పా" అని అరిచారు. ఆ ఒక్క క్షణం మా వీధి వీధంతా లివర్‌పూల్ అభిమానులే అనిపించింది, ఏం చేస్తాం.

హారతి ఇచ్చి లోపలికి వచ్చేసరికి మా టెక్కలి బావ మెసేజ్. వాడు మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని, మేమేమో మూడేళ్లుగా వరసగా రెండో స్థానంలోనే ఆగుతున్నాం. "రెండో స్థానానికి మీకు పట్టా రాసిచ్చేశార్రా, సర్వే నంబర్‌తో సహా." వాళ్ల టీమ్ పోయిన సీజన్ పదిహేనో స్థానంలో ఆగింది, వాళ్ల గ్రౌండ్‌లోనే ఆగస్టు 17న మేం 1-0తో గెలిచాం, అయినా వాడికి నోరు లేస్తుంది. లేవనీ.

ఓడిపోయాం, నిజమే. కానీ విచిత్రంగా ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇప్పుడు ఇంటర్నేషనల్ బ్రేక్, క్లబ్ మ్యాచ్‌లు లేవు, ఆటగాళ్లని కొనుక్కునే గడువు, అదే ట్రాన్స్‌ఫర్ విండో, కూడా మొన్న ఒకటో తారీఖుతో మూసేశారు. కొన్నదేదో కొన్నారు, ఇక జనవరి దాకా మార్చడానికి లేదు. లెక్క చూసుకోడానికి ఇదే సమయం. లెక్కలు చూడటం నాకు ఎలాగూ అలవాటే. మా మావయ్యకి పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది, పుస్తకాలు రాసేది నేనే.

ఆ మ్యాచ్‌లో ఐదో నిమిషానికే మా డిఫెండర్ సలీబా దెబ్బ తగిలి బయటికి వచ్చేశాడు. నా గుండె గుభేలుమంది. మీరు ఆర్సెనల్ అభిమాని అయితే చెప్పక్కర్లేదు, కాకపోతే 2023 మార్చి సంగతి చెప్పాలి. ఆ సీజన్ మేం 248 రోజులు టేబుల్లో పైన కూర్చున్నాం. ఇంగ్లాండ్‌లో అన్ని రోజులు పైన ఉండి కూడా టైటిల్ గెలవని టీమ్ ఇంకోటి లేదు. మార్చిలో ఓ యూరోపా లీగ్ మ్యాచ్‌లో ఇదే సలీబాకి వెన్ను పట్టేసింది. అతని చోట్లోకి హోల్డింగ్ వచ్చాడు. మంచివాడే, కష్టపడతాడే, కానీ సలీబా ఉన్నప్పుడు డిఫెన్స్ ఎంత ముందుకి నిలబడేదో హోల్డింగ్‌తో అంత ముందుకి నిలబడలేకపోయారు, ఆ భయం మొత్తం టీమ్‌కి పాకింది. లివర్‌పూల్ మీద 2-0 ఆధిక్యం పోయి 2-2. వెస్ట్‌హామ్ మీద మళ్లీ 2-0 పోయి 2-2. అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో సొంత గ్రౌండ్‌లో 3-3. ఆ తర్వాత మాంచెస్టర్ సిటీ చేతిలో 4-1తో ఓటమి. చివరికి వాళ్లకి 89 పాయింట్లు, మనకి 84. ఒక్క మనిషి వెన్నునొప్పి ఖరీదు ఒక టైటిల్.

మొన్న ఆదివారం సలీబా వెళ్లిపోతే వచ్చింది మొస్కెరా. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, ఈ వేసవిలోనే వాలెన్సియా నుంచి కొన్నారు, పేరు కూడా చాలామందికి నోరు తిరగదు. లివర్‌పూల్ వాళ్ల గ్రౌండ్ యాన్‌ఫీల్డ్‌లో, ఆ గోలలో, దాదాపు తొంభై నిమిషాలు ఆడాడు. వాడి వల్ల గోల్ పడలేదు. ఓడింది ఎవరి తప్పూ లేని ఓ అద్భుతమైన ఫ్రీకిక్‌కి. సాకా లేడు, హావెర్ట్స్ లేడు, ఓడెగార్డ్ సగం దెబ్బతో బెంచీ మీద ఉన్నాడు. పాత ఆర్సెనల్ అయితే ఆ పరిస్థితిలో మూడు గోల్స్ తినేది. అందుకే నిద్ర పట్టింది.

నాకు ఈ పిచ్చి ఎప్పటిదంటే, కేబుల్ కాలం నాటిది. 2003-04లో ఎనిమిదో తరగతి. కేబులాయన క్రికెట్ లేని రోజుల్లో ఆ స్పోర్ట్స్ ఛానల్ పీకేసి సినిమా ఛానల్ వేసేసేవాడు, శనివారం సాయంత్రం మాత్రం ఎందుకో వదిలేసేవాడు. అలా ఆర్సెనల్ స్ట్రైకర్ హెన్రీని చూశాను. 38 మ్యాచ్‌లు, 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. మొదటి సీజన్‌లోనే అది చూస్తే ఏమవుతుంది, ఇక ఏటా ఇలాగే ఉంటుందనుకున్నాను. అంతే, ఈ 2025 దాకా అదే ఆఖరు టైటిల్. ఆ తర్వాత కొత్త స్టేడియం కట్టుకున్నారు, 2006లో తెరిచారు, దాని అప్పులు తీర్చడానికి ఏటా ఎవర్నో ఒకర్ని అమ్మేవారు. 2012లో వాన్ పెర్సీని నేరుగా మాంచెస్టర్ యునైటెడ్‌కే ఇచ్చేశారు, 24 మిలియన్ పౌండ్లకి. వాడు మొదటి ఏడాదే 26 గోల్స్ కొట్టి వాళ్లకి టైటిల్ తెచ్చాడు. మా బావ ఈ రోజుకీ ఆ సంగతి ఎత్తుతాడు, పెళ్లిళ్లలో కూడా. 2015 వేసవైతే ఇంకా ఘోరం, గోల్‌కీపర్ చెక్‌ని కొని, బయట ఆడే పదిమందిలోకి ఒక్కడ్ని కూడా కొనకుండా విండో మూసేశారు. ఆ సీజన్ లెస్టర్ గెలిచింది. లెస్టర్! మేం రెండు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చెప్పబోయేది అర్థం కాదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఆ రాత్రి గురించి వివరం అక్కర్లేదు. మందస వైపు మావయ్యకి రెండెకరాల జీడితోట ఉండేది, తాతగారు వేసింది. తెల్లారి వెళ్లి చూస్తే చెట్లు నిలబడి లేవు, వేళ్లతో సహా పక్కకి ఒరిగి ఉన్నాయి, కొబ్బరి చెట్లయితే మధ్యకి విరిగి తలలు ఎక్కడో. మావయ్య ఆ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. తర్వాతి ఏడు అంటు మొక్కలు తెచ్చి వేశాడు. జీడి అంటు వేస్తే నాలుగో ఏట గానీ చెప్పుకోదగ్గ కాపు రాదు. ఆ మధ్యలో యూనిట్ మూసేస్తాడా? పనికొచ్చే ఆడవాళ్లు ఇరవై మంది ఉన్నారు, బాయిలర్ మీద బ్యాంకు అప్పు ఉంది. కాబట్టి ఓ పక్క మొక్కలకి నీళ్లు పోస్తూ, ఇంకో పక్క బయట పిక్కలు కొనుక్కుంటూ నడిపాడు. రెండూ ఒకేసారి. ఇప్పుడు ఆ మొక్కలు కాస్తున్నాయి, అయినా పిక్కలు కొంటూనే ఉన్నాడు, ఎందుకంటే రెండెకరాల తోట ఒక యూనిట్‌ని ఏడాది పొడవునా నడపలేదు.

ఆర్సెనల్‌కి తిత్లీ 2019 నుంచి 2021 మధ్య వచ్చింది. వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. 72 మిలియన్లు పోసి 2019లో తెచ్చిన పెపే ఎక్కడా అతకలేదు. కోచ్‌గా ఆర్టెటా 2019 డిసెంబర్లో వచ్చాడు, ఎఫ్ఏ కప్ ఒకటి గెలిచాడు, ఆ తర్వాత ఏం చేశారంటే మొక్కలు నాటారు. 2021 వేసవి గుర్తుందా? వైట్, ర్యామ్స్‌డేల్, ఓడెగార్డ్, టొమియాసు, లొకోంగా, టవారెస్. ఆరుగురు, ఒక్కడికి కూడా 23 దాటలేదు. అప్పుడు టీవీల్లో కూర్చున్న పెద్దలందరూ నవ్వారు, యాభై మిలియన్లు పెట్టి బెన్ వైట్‌నా అన్నారు. ఆరింట్లో మూడు చచ్చిపోయాయనుకోండి, తోటలో అది మామూలే. సలీబాని అంతకు రెండేళ్ల ముందే కొని మూడు చోట్లకి అద్దెకి పంపి పెంచారు. సాకా అయితే ఇంటి చెట్టే, సొంత అకాడమీలో పెరిగినవాడు.

2023లో మిడ్‌ఫీల్డర్ రైస్. 105 మిలియన్ పౌండ్లు, అంటే అప్పటి లెక్కన 1,100 కోట్లు. అది మొక్క కాదు, కాపుకొచ్చిన చెట్టుని వేళ్లతో సహా తవ్వి తెచ్చుకోవడం. ఆ డబ్బు వసూలైందా అంటే, పోయిన ఏప్రిల్లో రియల్ మాడ్రిడ్ మీద ఒకే మ్యాచ్‌లో ఆ రెండు ఫ్రీకిక్‌లు చూసినవాళ్లు ఎవరూ అడగరు. రైస్ వచ్చిన ఆ సీజన్, 2023-24, మాకు 89 పాయింట్లు, 91 గోల్స్. సిటీకి 91 పాయింట్లు. రెండు పాయింట్లు! ఏప్రిల్లో సొంత గ్రౌండ్‌లో ఆస్టన్ విల్లా చేతిలో ఓడకపోయి ఉంటే... సరే, వదిలేద్దాం, అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

అసలు నా కోపమంతా పోయిన జనవరి మీద. దీని గురించి మా గ్రూపులో (ఏడుగురం ఉంటాం, ఒకాయన సోంపేటలో మేస్టారు, ఒకడు రైల్వేలో) నేను రాసిన మెసేజులు కలిపితే ఒక పుస్తకం అవుతుంది. డిసెంబర్లో సాకాకి తొడ కండరం పట్టేసింది. జనవరిలో స్ట్రైకర్ జీసస్‌కి మోకాలు పోయింది, సీజన్ అయిపోయింది వాడికి. మిగిలిన స్ట్రైకర్ హావెర్ట్స్ ఒక్కడు. విండో ఫిబ్రవరి మొదట్లో మూస్తారు, అందరికీ తెలుసు. విల్లాని వాళ్ల స్ట్రైకర్ వాట్కిన్స్ కోసం అడిగారు, వాళ్లు పొమ్మన్నారు. అంతే, ఇక ఎవర్నీ కొనలేదు. "సరైనవాడు దొరకలేదు" అనుకుని చేతులు ముడుచుకున్నారు. విండో మూసిన కొన్ని రోజులకే మార్టినెల్లికి దెబ్బ, ఆ వెంటనే దుబాయ్‌లో ప్రాక్టీసులో హావెర్ట్స్‌కి దెబ్బ. టైటిల్ కోసం ఆడుతున్న టీమ్‌కి స్ట్రైకర్ అనేవాడే లేడు! మిడ్‌ఫీల్డర్ మెరీనోని ముందు నిలబెట్టారు, పాపం లెస్టర్ మీద బెంచీ మీంచి వచ్చి రెండు కొట్టాడు కూడా. ఆ తర్వాతి వారం వెస్ట్‌హామ్ మీద సున్నా, ఓటమి. దాని తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద సున్నా, డ్రా. సీజన్ మొత్తం మీద 14 డ్రాలు, 74 పాయింట్లు, 69 గోల్స్. ముందు ఏడాది 91 గోల్స్ కొట్టిన టీమ్ అది. లివర్‌పూల్ 84తో తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి గెలిచింది, అదీ బాధ, ఆ ఏడాది గెలవడానికి పెద్ద అద్భుతాలేమీ అక్కర్లేకపోయింది.

ఇలాంటిది నేను చేతులారా చేసి చూశాను కాబట్టి ఇంకా మంట. కొన్నేళ్ల క్రితం సంక్రాంతి వాలీబాల్ టోర్నమెంట్‌కి మా వీధి టీమ్ మేనేజర్‌ని నేనే. చందాలు ఎనిమిది వేలు వచ్చాయి. మొత్తం పెట్టి ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక షాట్ కొట్టేవాడ్ని తెచ్చాం, బస్ చార్జీ, రెండు పూటలా బిర్యానీ అదనం. ఏం కొట్టాడండీ, మొదటి రెండు మ్యాచ్‌లు అవతలివాళ్లు చేతులు అడ్డం పెట్టడమే మానేశారు. సెమీఫైనల్లో వాడికి బంతి లేపి ఇచ్చే మా కుర్రాడికి చీలమండ మడత పడింది. పక్కన ఎవరున్నారు? స్కోరు రాస్తున్న నేను. లుంగీ మడిచి నేనే దిగాను. నేను లేపిన బంతి ఒకటి నెట్ కింద నుంచి వెళ్లింది, ఒకటి షామియానా మీద పడింది. ఎనిమిది వేలవాడు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ఐదు వందలు పెడితే పక్క ఊరి నుంచి ఓ మామూలు ఆటగాడు వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు.

అందుకే ఈ వేసవి కొన్న జాబితా చూసి నేను మొదట లెక్కపెట్టింది పెద్ద పేర్లని కాదు. మొత్తం ఎనిమిది మంది. 250 మిలియన్ పౌండ్లు దాటింది, మన డబ్బులో మూడు వేల కోట్లకి దగ్గర. మావయ్యకి ఈ మాట చెబితే పిక్కలు తూకం వేయడం ఆపి నా మొహం చూశాడు. "మూడు వేల కోట్లా? ఆటకి? ఏటిరా నువ్వు సెప్పీది!" అన్నాడు. అది ఎనిమిది మందికి మావయ్యా అంటే, "అదే, ఎనిమిది మందికి!" అని ఇంకా గట్టిగా అన్నాడు.

నోర్గార్డ్‌ని చూడండి. 31 ఏళ్లు, బ్రెంట్‌ఫర్డ్ కెప్టెన్. నాలుగేళ్ల కిందట అయితే ఇలాంటివాణ్ని ఆర్సెనల్ గేటు దగ్గరకి కూడా రానిచ్చేది కాదు, వయసైపోయింది, మళ్లీ అమ్మితే డబ్బు రాదు అని. ఇప్పుడు కొన్నారు, ఎందుకంటే మళ్లీ అమ్మడానికి కాదు, ఫిబ్రవరిలో వాన పడే ఓ మంగళవారం రాత్రి రైస్‌కి విశ్రాంతి ఇవ్వడానికి. కెపా కూడా అంతే, అయిదు మిలియన్లు. 2018లో చెల్సీ అతన్ని 71 మిలియన్లకి పైగా పెట్టి కొన్నప్పుడు ప్రపంచంలో అంత ఖరీదైన గోల్‌కీపర్ లేడు. జీడిపిక్కల రేటు కూడా ఇలా పడిపోదు. మదుయెకే విషయంలో నేను కూడా మూతి ముడిచినవాళ్లలో ఒకడ్నే, చెల్సీ వదిలించుకున్నవాడు మనకెందుకు అని. సాకా మళ్లీ తొడ పట్టుకుని కూర్చున్నాక నోరు మూసుకున్నాను.

మిడ్‌ఫీల్డర్ జుబిమెండి గురించి ఎక్కువ చెప్పను, వాడు ఆడటం మొదలుపెడితే మీకే తెలుస్తుంది. 2024 యూరో ఫైనల్లో సగంలో రోద్రి దెబ్బతిని వెళ్లిపోతే ఆ చోట్లోకి వచ్చి స్పెయిన్‌ని గట్టెక్కించినవాడు. బెంచీ అంటే అదీ.

కొత్త స్ట్రైకర్ గ్యోకెరెస్ సంగతి మాత్రం కాస్త నిదానంగా చూడాలి. పోయిన సీజన్ పోర్చుగల్ లీగ్‌లో 39 గోల్స్. 39! ఆ అంకె చూసి గ్రూపులో మేస్టారు అప్పుడే కప్పు ఎత్తేశారు. నేను ఎత్తలేదు. పిక్కలు కొనేటప్పుడు మావయ్య బస్తా పైన కనిపించేవాటిని చూడడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. చెవి దగ్గర ఆడిస్తాడు, లోపల పప్పు గలగలమంటే ఆరినట్టు, చప్పుడు లేకపోతే తేమ ఉన్నట్టు. తర్వాత నాలుగైదు కోసి చూస్తాడు, పుచ్చెన్ని, ముడుచుకుపోయినవెన్ని. 80 కిలోల బస్తాకి ఇరవై పైన ఎన్ని కిలోల పప్పు దిగుతుందో అక్కడే ఒక అంచనాకి వచ్చేస్తాడు. బయట నుంచి చూస్తే అన్ని పిక్కలూ ఒకేలా ఉంటాయి. పోర్చుగల్ గోల్స్ కూడా అంతే. అక్కడ ఈయన పాత టీమ్ స్పోర్టింగ్‌తో ఆడే చాలా టీములు తప్పులు చేస్తాయి, ఈయనకి పరిగెత్తడానికి బోలెడు మైదానం దొరుకుతుంది. ఆర్సెనల్‌కి ఎదురుగా పదిమంది పెనాల్టీ బాక్సులో ఇటుకల్లా పేర్చుకుని నిలబడతారు, అక్కడ ఈయన పరుగెత్తడానికి చోటేది? లీడ్స్ మీద రెండు కొట్టాడు, అందులో ఒకటి పెనాల్టీ, ఆ పెనాల్టీ సంపాదించింది పదిహేనేళ్ల డౌమన్ అనే పిల్లాడు (పదిహేను! మా ఇంట్లో ఆ వయసువాడు సైకిల్ టైరుకి గాలి కూడా కొట్టుకోడు). యాన్‌ఫీల్డ్‌లో గ్యోకెరెస్ అసలు కనిపించలేదు. కాబట్టి నేను ఇంకా పిక్క ఆడిస్తూనే ఉన్నాను. కానీ ఒక్క మాట, వాడు తన్నకపోయినా పర్లేదు, ఇద్దరు డిఫెండర్లని ఈడ్చుకుపోతే ఆ ఖాళీలోకి వచ్చేవాళ్లు ఉన్నారు. పోయిన ఏడాది ఆ ఈడ్చుకుపోయేవాడు కూడా లేడు కదా.

ఇక ఎజే. ఇది నా గుండె కరిగించిన వ్యవహారం. పదమూడేళ్ల వయసులో ఆర్సెనల్ అకాడమీ ఇతన్ని పనికిరావని పంపేసింది. ఆ తర్వాత ఫుల్హామ్, రెడింగ్, మిల్‌వాల్, అందరూ పంపేశారు. తిరిగి తిరిగి క్రిస్టల్ ప్యాలస్ చేరాడు, ఈ మే నెలలో ఎఫ్ఏ కప్ ఫైనల్లో సిటీ మీద ఏకైక గోల్ ఇతనిదే, ఆ క్లబ్ చరిత్రలో మొదటి పెద్ద కప్పు. ఆగస్టులో టోటెన్‌హామ్‌తో దాదాపు ఖాయమైపోయింది. అంతలో హావెర్ట్స్ మోకాలికి దెబ్బ అని తెలిసింది. ఇరవై నాలుగ్గంటలు తిరగలేదు, బేరం మారిపోయింది. లీడ్స్ మ్యాచ్ ముందు మైదానంలోకి నడిచొచ్చాడు, వీపు మీద పది నంబర్. టోటెన్‌హామ్ నోటి దగ్గర కూడు లాగేసుకున్నామన్న సంతోషం ఒకెత్తు, నిజమే. నాకు అంతకన్నా నచ్చింది ఆ వేగం. జనవరిలో స్ట్రైకర్లందరూ పడిపోతే చేతులు ముడుచుకున్న క్లబ్బే, ఆగస్టులో ఒక్కడు పడితే రోజులు లెక్కపెట్టేలోగా 60 మిలియన్లు తీసింది.

ఆ తేడా బెర్తా అనుకుంటున్నాను, ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే కొత్త స్పోర్టింగ్ డైరెక్టర్. పాత స్పోర్టింగ్ డైరెక్టర్ ఎడు పోయిన నవంబర్లో వెళ్లిపోయాడు, జనవరి విండోకి ఆ కుర్చీ శాశ్వతంగా ఎవరిదీ కాదు. మార్చిలో బెర్తా వచ్చాడు, అట్లెటికో మాడ్రిడ్‌లో పన్నెండేళ్లు ఈ బేరాలే చేసినవాడు. 2020లో బార్సిలోనా సువారెజ్‌ని ముసలాడయ్యాడని వదిలేస్తే వీళ్లు తీసుకున్నారు, వాడు లీగ్‌లో 21 గోల్స్ కొట్టాడు, టైటిల్ వచ్చింది. కాపు కాసే చెట్టు వయసు చూడనక్కర్లేదని తెలిసిన మనిషి.

ఇంత డబ్బు ఎలా కుదిరిందని మావయ్యే కాదు, మా బావ కూడా అడుగుతాడు, వాడు అడిగేది ఏడుపుతో. 2025 నాటి రూల్స్ ఉన్నాయి కదా, మూడేళ్లలో 105 మిలియన్లకి మించి నష్టం చూపించకూడదు, చూపిస్తే పాయింట్లు కోసేస్తారు, ఎవర్టన్‌కీ ఫారెస్ట్‌కీ కోశారు కూడా. కిటుకు ఏమిటంటే, ఆటగాణ్ని 60 మిలియన్లకి కొంటే పుస్తకంలో ఆ ఏడాది 60 పడదు. అయిదేళ్ల కాంట్రాక్ట్ అయితే ఏడాదికి 12. మా బాయిలర్ ఖర్చు నేను రాసినట్టే, కొన్న ఏడాదే మొత్తం రాసేస్తే యూనిట్ నష్టాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది, ఏడాదికింత అని తరుగుదల రాస్తాం. అమ్మకం మాత్రం మొత్తం ఒకేసారి లాభం, అందులోనూ సొంత అకాడమీ పిల్లాణ్ని అమ్మితే కొన్న ఖరీదు సున్నా కాబట్టి వచ్చిందంతా లాభమే. పోయిన ఏడు స్మిత్ రోని, ఎన్కెటియాని అమ్మింది అందుకే. స్మిత్ రో వెళ్లినప్పుడు నేను రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదు. లెక్కగా చూస్తే తప్పులేదు, కానీ లెక్కలు రాసేవాడికి మనసుండదా?

విండో ఆఖరి రోజున డిఫెండర్ ఇంకాపియేని జర్మనీ క్లబ్ లెవర్కుసెన్ నుంచి తెచ్చారు. కొనలేదు, ఏడాదికి అద్దెకి, నచ్చితే వచ్చే ఏడు కొనుక్కునే ఒప్పందం. ఇది విన్నాక మావయ్యకి ఒక్కసారిగా ఆసక్తి వచ్చింది. "మనుసుల్ని అద్దికిస్తారేటి? మరైతే అందర్నీ అలగే తెచ్చుకోవొచ్చు కదేటి, ఈ మూడు వేల కోట్లు ఏల తగలెయ్యడం?" అన్నాడు. అలా అందరూ ఇవ్వరు మావయ్యా, మన మీద పోటీ పడేవాడు మనకి మంచి సరుకు అద్దెకిస్తాడా అన్నాను. మావయ్య కాసేపు ఆలోచించి, "ఇయ్యడు. మొన్న వైశాఖంలో ఆడు నాకు గ్రేడింగ్ జల్లెడే ఇవ్వలేదు" అని పక్క యూనిట్ ఆయన మీదకి పోయాడు. ఇక ఫుట్‌బాల్ అక్కడితో సరి.

మరి టైటిల్? సూటిగా చెబుతాను. లివర్‌పూల్ ఊరికే కూర్చోలేదు. విర్ట్స్, ఎకిటికే, చివరి రోజు ఇసాక్, ఇసాక్ ఒక్కడికే 125 మిలియన్లు, బ్రిటన్‌లో 2025 నాటికి అదే రికార్డు. అన్నీ కలిపి 400 మిలియన్లు దాటించారు. ముందున్నవాళ్లు వాళ్లే, మూడు మ్యాచ్‌లకి మూడూ గెలిచారు. కానీ వాళ్లు గెలిచిన టీమ్‌నే సగం విప్పి మళ్లీ కట్టుకుంటున్నారు. మేం విప్పలేదు. గోల్‌కీపర్, డిఫెన్స్, రైస్, ఓడెగార్డ్, సాకా, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, వాటి వెనక ఇంకో వరస వచ్చి కూర్చుంది. ఏప్రిల్లో ఎవరు ఎక్కువ మందిని నిలబెట్టగలరు అన్నదే లెక్క అయితే, నా డబ్బు మా మీదే. ఆర్టెటాకి మాత్రం ఇక సాకులు లేవు. మొక్కలు చిన్నవి అన్నాడు, సరే అన్నాం. దెబ్బలు తగిలాయి అన్నాడు, అది కూడా సరే. మూడుసార్లు వరసగా రెండో స్థానం, అయిదేళ్లుగా పెద్ద కప్పు లేదు. ఇప్పుడు 25 మంది ఉన్నారు, యాన్‌ఫీల్డ్‌లో ఎజేని మొదటి నుంచీ దింపకుండా డెబ్బయ్యో నిమిషం దాకా కూర్చోబెట్టాడు చూడండి, అదీ నాకు భయం. బెంచీ నింపినంత మాత్రాన సరిపోదు, ఎప్పుడు లేపాలో తెలియాలి. డ్రా చాలు అనుకుని ఆడితే డ్రా కూడా మిగలదని ఆ ఫ్రీకిక్ చూపించేసింది.

శనివారం ఫారెస్ట్‌తో మ్యాచ్, మనకి సాయంత్రం అయిదు గంటలకి. ఇంత మంచి టైముకి రావడం ఎప్పుడో గానీ జరగదు. అదే శనివారం సాయంత్రం విశాఖ పోర్టు నుంచి పిక్కల లారీ వస్తుందని మావయ్య ఇందాకే ఫోన్ చేశాడు. బస్తాలు లెక్కపెట్టి దింపించుకోవాల్సింది నేనే. నాలుగుకల్లా వచ్చేలా చూడు మావయ్యా అంటే, "ఆ డ్రైవర్‌కి నీ ఆట తెలుస్తాదేటి" అని పెట్టేశాడు. గోడౌన్‌లో సిగ్నల్ ఒక్క గీతే వస్తుంది, అదీ తూకం కాటా పక్కన నిలబడితేనే. ఛార్జర్ ఇప్పుడే సంచిలో పెట్టుకున్నాను.